బొమ్మకు భాష అడ్డమా? చందమామ నుంచి మాంగా దాకా

మాంగా అంటే జపాన్ వాళ్ళ బొమ్మల కథలని ఇప్పుడు ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. మన క్లాసుల్లో నోటుబుక్కుల వెనక పేజీలు తిరగేస్తే చాలు, సోడా గోళీలంత కళ్ళు, గాలి లేకపోయినా ఎగిరే జుట్టు. నిజంగా బాగా గీసేవాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు ఉన్నారు, పేర్లు రాస్తే నన్ను తంతారు. "చెయ్యి బాగుంటే జపాన్ పోయినా బతకొచ్చు, బొమ్మకు భాషేంటి?" అని వాళ్ళలో ఒకామె అన్న మాట నా మనసులో ఉండిపోయింది. బొమ్మకు భాష లేదని అందరం అంటాం. అది ఎంతవరకు నిజం? పరాయి భాష పత్రికలో బొమ్మలు గీసి బతికినవాళ్ళ సంగతి చూడాలంటే ముందే జపాన్ దాకా పోనక్కర్లేదు. మన ఇళ్ళల్లో అటకల మీద ఉన్న చందమామ కట్టలు దించితే చాలు.

చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. పెట్టినవాళ్ళు ఇద్దరూ తెలుగువాళ్ళే. ఒకరు కడప జిల్లా నుంచి వచ్చిన బి. నాగిరెడ్డి, ఇంకొకరు తెనాలి చక్రపాణి. తెలుగుతో పాటే తమిళంలో 'అంబులిమామ' వచ్చింది. 1949లో కన్నడం, హిందీ కలిశాయి. తర్వాత ఒక్కొక్కటే చేరి పన్నెండుకు పైగా భాషల దాకా పోయింది. కథలు ముందు తెలుగులో తయారయ్యేవి. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పని చూసింది కొడవటిగంటి కుటుంబరావు. ఆయన రాసిన వాటి కింద పేరు కూడా ఉండేది కాదు. మన సిలబస్‌లో ఆయన్ని కథకుడిగా చదువుతాం గానీ, ఇన్నేళ్ళు నెల నెలా పిల్లల కోసం రాసిన తెలుగు గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. అది వేరే వ్యాసం.

ఇప్పుడు బొమ్మల దగ్గరికి వద్దాం. ఆ పత్రికలో మొదటి నుంచీ బొమ్మలు గీసిన 'చిత్రా' అసలు పేరు టి.వి. రాఘవన్, తమిళుడు. మా అవ్వ ఇప్పటికీ చిత్రా అంటే ఆడమనిషి అనే నమ్ముతుంది, చెప్పినా వినదు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ 'తోకచుక్క', 'రాకాసిలోయ' లాంటివాటికి రాక్షసులూ మాంత్రికులూ ఆయన కుంచె లోంచే వచ్చారు. భుజం మీద శవం, చేతిలో కత్తి, చీకట్లో నడిచే విక్రమార్కుడు అనగానే మనందరికీ ఒకే బొమ్మ గుర్తొస్తుంది కదా, అది గీసిన శంకర్ కూడా తమిళుడే. ఆయన పూర్తి పేరు కె.సి. శివశంకరన్. 1950ల మొదట్లో చేరి ఇంచుమించు అరవై ఏళ్ళు అదే పత్రికకు గీశారు. 2020లో పోయారు. మరుసటి ఏడు పద్మశ్రీ ఇచ్చారు, మనిషి పోయాక. ముఖచిత్రాలుగా మహాభారతం గీసిన ఎం.టి.వి. ఆచార్య కన్నడిగుడు, మైసూరు సీమవాడు. తర్వాత బెంగళూరులో పోస్టు ద్వారా చిత్రలేఖనం నేర్పే బడి నడిపారు. వీళ్ళ సరసన వడ్డాది పాపయ్య ఒకరే నాకు బాగా తెలిసిన తెలుగు పేరు. మనం 'అచ్చ తెలుగు బొమ్మ' అనుకొని పెరిగిన బొమ్మల్లో చాలా మటుకు తెలుగు ఇంటి భాష కానివాళ్ళు గీసినవి.

అది వాళ్ళకెట్లా సాధ్యమైంది? దీని మీద నాకొక అభిప్రాయం ఉంది. మా ఇంట్లో నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు కన్నడం. అందుకని రెండు భాషల చందమామలూ ఉన్నాయి. మన బళ్లారి 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసే దాకా మద్రాసు రాష్ట్రంలోదే. గీత మారినా చదువులు మారలేదు, మా లాంటి ఇళ్ళు ఈ ఊళ్ళో వీధికి పది. ఒకే కథ ఉన్న రెండు సంచికల్ని పక్కపక్కన పరిచి చూడండి. అదే బొమ్మ, అదే రంగు, అదే చోటు. చుట్టూ ఉన్న లిపి ఒక్కటే వేరు. బొమ్మ లోపల వెతికితే ఒక్క అక్షరం దొరకదు. మాటలన్నీ బొమ్మ బయట, బొమ్మంతా మాటల బయట. ఇల్లు ఒకటే, వంటిల్లు వేరు అన్నట్టు.

ఈ విడదీతే పరాయి చిత్రకారుడికి తలుపు తీసింది. కథ తెలుగులో పుట్టినా, దాన్ని అతనికి నోటితో చెప్పొచ్చు. రాజు ఎక్కడ నిలబడ్డాడు, రాక్షసుడికి తలలెన్ని, గుర్రం ఉందా లేదా అన్నది తెలిస్తే గీయడానికి చాలు. మధ్యలో భాషను మోసేవాళ్ళు వేరే ఉన్నారు, సంపాదకుడు, అనువాదకులు. పైగా మద్రాసు వాళ్ళకు తెలుగు చెవిన పడని రోజంటూ ఉండదు. చిత్రకారుడు తెలుగులో ఒక్క వాక్యం రాయకుండానే తెలుగు పిల్లల కలల్లోకి వచ్చేశాడు.

దీనికి చెల్లించిన ధర కూడా ఉంది. బొమ్మ అన్ని రాష్ట్రాలకూ పోవాలి గనక అది ఏ ఊరిదీ కాకుండా ఉండాలి. గమనించారా, ఆ కథల్లో అడవి, ఆశ్రమం, కోట, పూరిల్లు తప్ప మన బళ్లారి బండల గుట్ట లాంటిది కనపడదు. ఒక ఊరని పోల్చుకునే గుర్తు వస్తే మిగతా ఊళ్ళ పిల్లలకు అది అడ్డమవుతుంది. అందుకే అంతా 'ఒకానొక కాలంలో', 'ఒకానొక దేశంలో'. ఇంకొకటి, చిత్రకారుడు తన కథ చెప్పుకోలేడు. ఎవరో రాసింది గీస్తాడు. శంకర్ పుట్టి పెరిగిన పల్లె ఎట్లా ఉంటుందో, బడిలో ఆయనకేమయిందో అరవై ఏళ్ళ బొమ్మల్లో వెతికినా దొరకదు. ఇది తప్పని నేననను. నెల జీతం, గౌరవం, లక్షల మంది పిల్లలు దక్కారు. కానీ సొంత కథ చెప్పాలనే ఆశ ఉన్నవాళ్ళకు ఇది సరిపోదు. మన నోటుబుక్కు చిత్రకారిణులకు ఉన్నదంతా ఆ ఆశే.

దీనికి పూర్తిగా ఎదురు వైపున బాపు ఉన్నారు. బాపు కార్టూన్‌లో అక్షరం కూడా బొమ్మే. ఆయన చేతిరాత చూడగానే ఇది బాపు అని తెలిసిపోతుంది, అందుకే దాన్ని కంప్యూటర్ అక్షరాలుగా కూడా చేసుకున్నాం. ఆ కార్టూన్ కింది మాటను కన్నడంలోకి మార్చి మా అమ్మమ్మకు చూపించాను. ఆమె మర్యాదకు నవ్వింది. గోదావరి యాస పోయింది, ఆ రాత వంపు పోయింది, మిగిలింది జడ ఉన్న అమ్మాయి.

మాంగా పేజీ బాపు వైపుది, చందమామ వైపుది కాదు. మన వాళ్ళకు చెప్పాలనుకున్న సంగతి ఇదే.

ఒక మాంగా పేజీ తీసుకోండి. కుడి నుంచి ఎడమకు చదవాలి. మాటల బుడగలు నిలువుగా ఉంటాయి, ఎందుకంటే లోపల జపాన్ రాత పై నుంచి కిందికి దిగుతుంది. కన్ను ఎట్లా కదలాలో దాన్ని బట్టే చిత్రకారుడు గళ్ళు కోస్తాడు, మనుషుల్ని నిలబెడతాడు. అంటే భాష వరస బొమ్మ ఎముకల్లోకి దిగిపోయి ఉంది. మొదట్లో వీటిని ఇంగ్లీషులో వేసినవాళ్ళు చదివేవాళ్ళకు సులువని పేజీలను అద్దంలో చూసినట్టు తిప్పి అచ్చేశారు. దాంతో కుడిచేతి కత్తి వీరులంతా ఎడమచేతివాళ్ళయ్యారు, చొక్కా గుండీలు కూడా అటుది ఇటు అయ్యాయి. తర్వాత ఆ పద్ధతి చాలా వరకు మానేసి, మీరే కుడి నుంచి చదువుకోండి అని వదిలేశారు. ఎడమ నుంచి కుడికి చదవడం అలవాటైన మనలాంటివాళ్ళు మాంగా గీయాలంటే, చెయ్యి కంటే ముందు కన్ను తిరగబడాలి.

అంతకంటే పెద్ద చిక్కు ధ్వనులది. తలుపు పడితే, వాన కురిస్తే, గుండె కొట్టుకుంటే ఆ శబ్దాన్ని బుడగలో రాయరు. బొమ్మ మీదే పెద్ద అక్షరాలుగా గీస్తారు. భయమైతే అక్షరం వణుకుతుంది, పేలుడైతే అక్షరం కూడా పగులుతుంది. దాన్ని గీసేది బొమ్మ గీసిన చెయ్యే. ఇక్కడ నాకు మన బళ్లారిలో బోర్డులు రాసే పెయింటర్లు గుర్తొస్తారు. ఒకే నిచ్చెన మీద నిలబడి పైన కన్నడం, కింద తెలుగు రాసేస్తారు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే గానీ, తెలుగు తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది, కన్నడంలో అది అడ్డగీతలా సాగి కొసన వంగుతుంది. చెయ్యి తిరగని కుర్రవాడు రాస్తే రెండూ కలిసిపోయి ఏ లిపో తెలియదు. మన పక్క లిపికే ఇంత సాధన కావాలంటే, ఎప్పుడూ చూడని జపాన్ అక్షరాన్ని వణికించడం, పగలగొట్టడం ఎంత పనో ఊహించుకోండి. వంకర ఎక్కడిదాకా పోతే అక్షరం అక్షరంగా ఉంటుందో, ఎక్కడ చెడిపోతుందో చిన్నప్పటి నుంచి రాసినవాళ్ళకే తెలుస్తుంది.

అయితే ఈ ధ్వనుల విషయంలోనే మనకొక లాభం కూడా ఉంది. ఇంగ్లీషు వాళ్ళకు శబ్దాన్ని అనుకరించే మాటలున్నాయి గానీ, శబ్దమే లేని వాటికి అట్లాంటి మాటలు తక్కువ. జపాన్ భాషలో అవి కుప్పలుగా ఉన్నాయి. మెరుపుకు 'కిరకిర', నవ్వు మొహానికి 'నికొనికొ'. ఏ చప్పుడూ లేదని చెప్పడానికి కూడా 'షీన్' అని పెద్ద అక్షరాలు గీస్తారు. వాళ్ళ మాంగాను ఇంగ్లీషులోకి తెచ్చేవాళ్ళు వీటి దగ్గరే తల పట్టుకుంటారు. మనకెందుకు కష్టం? మనం ధ్వన్యనుకరణ పదాలు వ్యాకరణం క్లాసులో చదివాం కదా. గలగల, జలజల చెవికి వినిపిస్తాయి సరే. మిలమిల వినిపిస్తుందా? తళతళ వినిపిస్తుందా? ముసిముసి నవ్వులకు చప్పుడేముంది? కంటికి కనిపించేదాన్నీ, ఒంటికి తెలిసేదాన్నీ జంట మాటల్తో చెప్పడం మనకు పుట్టుకతో వచ్చింది. మనం 'గిరగిర' తిరిగితే జపాన్ వాళ్ళు 'గురుగురు' తిరుగుతారు. మన గుండె 'దడదడ', కన్నడం గుండె 'డవడవ', వాళ్ళ గుండె 'దొకిదొకి'. మనం 'గజగజ' వణికితే అమ్మమ్మ 'గడగడ' వణుకుతుంది, జపాన్ వాళ్ళు 'గతగత' వణుకుతారు. అదే 'గడగడ' తెలుగులో చాలాసార్లు పద్యం అప్పజెప్పడానికీ, నీళ్ళు తాగడానికీ పనికొస్తుంది. ఇంత దగ్గరగా ఉన్న భాషల మధ్యే మాట జారిపోతుంటే జపాన్ దాకా పోయినప్పుడు జాగ్రత్త పడాలి నిజమే. కానీ ఇట్లాంటి మాట ఎందుకుంటుందో మనకు ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

ఇక పని తీరు. చందమామ నెలకొకసారి. 1968లో మొదలైన 'షోనెన్ జంప్' లాంటి పత్రిక వారానికొకసారి. ఒక్కో కథ వారానికి సుమారు 19 పేజీలు. ఒక్క చేత్తో అయ్యేది కాదు, సహాయకుల్ని పెట్టుకోవాలి, వాళ్ళకు ఏం కావాలో చెప్పాలి, జపాన్ భాషలో. గీసే ముందు గళ్ళూ మాటలూ చిత్తుగా వేసి సంపాదకుడికి చూపించాలి. దీన్ని వాళ్ళు 'నేమ్' అంటారు. ఆయన ఇది మార్చు, అది తీసెయ్ అంటాడు, మళ్ళీ వేయాలి, మళ్ళీ చూపించాలి. ఈ వాదులాట మధ్యవర్తిని పెట్టుకుంటే సాగదు. పాఠకులు ఓట్లేస్తారు, వెనకబడితే కథ ఆగిపోతుంది. పైగా అక్కడ నివాసం ఉండి పని చేయడానికి అనుమతి కావాలి. సొంతంగా గీసుకునే మనిషికి నెల జీతమిచ్చి పూచీ పడే కంపెనీ ఉండదు గనక అదొక తలనొప్పి.

ఇన్ని దాటినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళు భాషను ఎట్లా దాటారన్నదే నేను చూసింది. బోయిచి కొరియా మనిషి. సొంత దేశంలో పేరు తెచ్చుకున్నాకే జపాన్ వచ్చాడు. 2017 నుంచి 2022 దాకా 'జంప్'లో వచ్చిన 'డాక్టర్ స్టోన్'కు బొమ్మలు ఆయనవి, కథ రిఇచిరో ఇనగాకి అనే జపాన్ రచయితది. ఇది ఇంచుమించు మన చందమామ ఏర్పాటే. మాట ఒకరిది, గీత ఒకరిది. తేడా ఏమిటంటే ఇక్కడ ఇద్దరి పేర్లూ అట్ట మీద పడతాయి.

ఫెలిపె స్మిత్ దారి దీనికంటే కష్టమైంది. ఆయన అమెరికాలో పుట్టి అర్జెంటీనాలో పెరిగాడు. కోదాన్షా వాళ్ళ పత్రికలో 2008 నుంచి 'పీపో చూ' నడిపాడు, కథా బొమ్మా రెండూ తనవే, అదీ జపాన్ భాషలో. కథ దేని గురించి అనుకున్నారు? మాంగా చూసి జపాన్ స్వర్గమనుకొని వెళ్ళిన ఒక అమెరికా కుర్రాడికి అక్కడేం ఎదురైందన్నది. మన వాళ్ళు చదవాల్సిన పుస్తకం, కాకపోతే రక్తపాతం, బూతు బాగా ఎక్కువ, ఇంట్లో పెద్దల ముందు తెరవకండి. స్వీడన్ అమ్మాయి ఓసా ఎక్‌స్త్రోమ్ ఇంకోలా చేసింది. 2011లో జపాన్‌లో కాపురం పెట్టి, అక్కడ తనకు వింతగా అనిపించినవన్నీ నాలుగు గళ్ళ బొమ్మలుగా గీసింది. 2015లో పుస్తకం వచ్చింది. పరాయితనాన్ని దాచుకోకుండా దాన్నే సరుకు చేసుకుంది. నాకు అందరిలోకీ ఆమే నచ్చింది. ఫ్రెంచివాడు తోనీ వాలెంత్ అయితే జపాన్ పత్రికలో చేరనే లేదు. 'రేడియంట్'ను ఫ్రెంచిలో గీసుకున్నాడు, జపాన్ వాళ్ళే 2015లో అనువాదం చేసుకున్నారు, 2018లో అక్కడి టీవీలో బొమ్మల సినిమాగా కూడా వచ్చింది. అట్లాంటి అదృష్టాన్ని నమ్ముకొని ఎవరూ డిగ్రీ మానేయకండి.

నాకు అన్నింటికంటే ఆసక్తిగా అనిపించింది, 2012లో జపాన్‌లోనే మొదలైన 'సైలెంట్ మాంగా ఆడిషన్' అనే పోటీ. ఏ దేశం వాళ్ళయినా పంపొచ్చు. నియమం ఏమిటంటే కథలో సంభాషణ ఉండకూడదు. కొత్తవాళ్ళు కావాలనుకున్నప్పుడు జపాన్ వాళ్ళు కూడా మాటను బొమ్మలోంచి తీసేయాల్సి వచ్చింది! 1947లో మద్రాసులో మన వాళ్ళు చేసిన పని అది. అయితే చందమామలో మాట లేని బొమ్మ పక్కన కుటుంబరావు గారి వచనం ఉండేది. ఇక్కడ పక్కన ఎవరూ ఉండరు. ఒక అమ్మాయి కోపంగా ఉందా అలిగిందా అన్న తేడా కూడా గీతే చెప్పాలి. అలకకూ కోపానికీ తేడా మనకు మాటలో ఉంది, దాన్ని జపాన్ న్యాయనిర్ణేతకు కనుబొమ్మతో చెప్పగలరా? గీసేవాళ్ళు ఒకసారి ప్రయత్నించి చూడండి. ఆ పోటీలో నెగ్గినా, తర్వాత పత్రికలో కథ నడపాలంటే మళ్ళీ అక్షరం దగ్గరికే రావాలి. అందుకని గీసేవాళ్ళు సాయంత్రం ఒక గంట గీతకు ఇస్తే ఇంకో గంట ఆ లిపికి ఇవ్వడం మంచిదని నేననుకుంటున్నా. లేదంటే మాట తెలిసిన ఒక జంటను వెతుక్కోవాలి, బోయిచికి ఇనగాకి దొరికినట్టు.

ఈ కాగితం కింద మూడు గళ్ళు గీసి ఉంచాను, తెలుగు, కన్నడం, జపాన్. మెరుపుకు మిలమిల, పళపళ, కిరకిర రాసేశాను. నిశ్శబ్దానికి జపాన్ గడిలో 'షీన్' ఉంది, మిగతా రెండూ ఖాళీ. 'చీమ చిటుక్కుమన్నా' అని మా అవ్వ చెప్పింది గానీ అది చప్పుడైంది, నిశ్శబ్దం కాలేదు. తెలుగులో, కన్నడంలో దానికి జంట మాట ఎవరికైనా తడితే అక్కడే పెన్సిల్‌తో రాయండి.